డ్రోన్ చట్రం మీద పొక్కులు

ఏప్రిల్ ఇరవై రెండు, సోమవారం. చిలమత్తూరు దగ్గరి మా ఫ్యాక్టరీ, మెగ్నీషియం షెడ్డు. ఉన్నవాళ్లు: ఓనరు, బెంగుళూరు కంపెనీ తరఫున సరుకు చూసి ఒప్పుకునే ఇన్‌స్పెక్టరు, ప్రాసెస్ ఇంజనీరు, చిప్స్ గది చూసే మగ్గం అన్న, మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా నేను. పొద్దున్నుంచీ పడమటి గాలి.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇట్లా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. రిటైరై బుక్కరాయసముద్రంలో ఇల్లు పట్టుకుని కూర్చున్నాక కూడా మానలేదు. ఇప్పుడు రాయడానికి చెరువులో నీళ్లెంత ఉన్నాయి, మోకాలు ఎంత నొచ్చింది అన్న రెండు సంగతులే మిగిలాయి. పాత డైరీలు తిరగేస్తే బేరింగులు, బెల్టులు, మార్చిన ఆయిలు, మార్చని ఆయిలు, అంతా యంత్రాల గోలే. మనుషులు తక్కువ. ఈ ఒక్క రోజున మాత్రం యంత్రం గురించి రెండే వాక్యాలున్నాయి, మిగతాదంతా మనుషులే. కొత్తగా ఇట్లాంటి షెడ్లలో చేరుతున్న పిల్లలు చదువుకుంటే మంచిదని ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

ముందు పని ఏమిటో చెప్పాలి, కొంచెమే చెబుతాను. ప్లాస్టిక్ బకెట్లు, కుర్చీలు చేసే మిషన్ మీరు చూసి ఉంటారు. పైన గింజలు పోస్తే లోపలి వేడికి మెత్తబడతాయి, స్క్రూ వాటిని ముందుకు తోసి అచ్చులోకి కొడుతుంది. మాదీ అదే పద్ధతి. గింజలకు బదులు మెగ్నీషియం మిశ్రమ లోహం తురుమును పైనున్న గరాటులో, హాపర్ అంటాం దాన్ని, పోస్తాం. తురుము కొబ్బరి తురుములాగా ఉంటుంది, దాన్నే చిప్స్ అంటాం. బ్యారెల్ అనే వేడి గొట్టం లోపల అది పూర్తిగా నీరు కాదు, పూర్తిగా గట్టిగానూ ఉండదు. సంగటి ఉడికేటప్పుడు నూకల మధ్య జావ ఉంటుందే, ఆ స్థితిలో ఉండగా అచ్చులోకి కొట్టాలి. గాలి తగిలితే అంటుకుంటుందని పైన ఆర్గాన్ గ్యాస్ కప్పి ఉంచుతాం.

ఆ మిషన్ మీద మేము చేస్తున్నది డ్రోన్‌కు నడిమి చట్రం. చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలల మీద మందు కొడుతున్నాయే, ఆ డ్రోన్లు. చట్రం ఎంత తేలికైతే మందు అంత ఎక్కువ మోస్తుంది. అరచేతిలో పెట్టుకుంటే అట్ట పెట్టె పట్టుకున్నట్టే ఉంటుంది. మా ఓనరుది మెట్టసేద్యం చేసే కుటుంబం. పంట పోయిన ఏళ్లు ఎక్కువై, వ్యాపారంలోకి దిగి, ఉన్నదంతా పెట్టి ఈ మిషన్ తెచ్చాడు. బెంగుళూరు కంపెనీ చట్రాన్ని ఒప్పుకుంటే షెడ్డు నడుస్తుంది. ఒప్పుకోవాలంటే ఇన్‌స్పెక్టరు కళ్లముందు ట్రయల్ నడిపి, రంగు వేసి, ఓవెన్లో కాల్చి చూపించాలి.

రెండుసార్లు చూపించాం. రెండుసార్లూ ఓవెన్ నుంచి బయటకు రాగానే చట్రాల మీద పొక్కులు లేచాయి. నూనెలో వేసిన అప్పడం మీద లేచినట్టు. లోపల ఎక్కడో గ్యాస్ చిక్కుకుని, వేడి తగలగానే చర్మాన్ని పైకి నెడుతోందన్నమాట.

విచిత్రం ఏమిటంటే మామూలు రోజుల్లో ఆపరేటర్లు నడిపితే చట్రాలు నున్నగా వస్తున్నాయి. ట్రయల్ రోజున ఇంజనీరమ్మాయి తానే దగ్గర నిలబడి, ఉష్ణోగ్రతలు తానే సరిచేసి నడిపితే పొక్కులు. నేను హీటర్లు చూశాను, గ్యాస్ లైను చూశాను, అచ్చు విప్పి మళ్లీ బిగించాను. తప్పు దొరకలేదు. యంత్రంలో తప్పు దొరకనప్పుడు మనుషుల్లో వెతకడం ఓనర్లందరికీ అలవాటే.

ఆ అమ్మాయిది కంబదూరు వైపు. అనంతపురంలో ఇంజనీరింగ్ చదివి నేరుగా మా దగ్గరికి వచ్చింది. అదే మొదటి ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్ దాటలేదు. మాట తక్కువ. అనుమానం వస్తే సిగ్గుపడకుండా అడిగేది, జవాబు నచ్చకపోతే మళ్లీ అడిగేది. నాకు ఆ గుణం నచ్చేది. ఓనరుకు అంత నచ్చేది కాదు.

సోమవారం పొద్దున నేను షెడ్డులోకి అడుగు పెట్టకముందే ఓనరు గేటు దగ్గర పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఈ పొద్దు గూడా పొక్కులొస్తే ఆ పిల్లను పంపించేస్తా. హోసూరు నుంచి మనిషిని మాట్లాడినా."

"తప్పు ఆమెదేనని ఎట్లా చెప్తారు సార్?"

"ఆ పిల్ల ముట్టుకున్న రోజే చెడిపోతాంటే ఇంగెట్ల జెప్పల్ల? జాతకం జూపియ్యల్లనా?"

మెగ్నీషియం షెడ్లు దేశంలో ఎన్ని ఉన్నాయి గనక. ఫలానా చోట ట్రయల్ చెడగొట్టిందని పేరు పడితే ఇంకొకడు పిలవడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఓనరు మాట అప్పటికే ఆమె చెవిన పడింది. నేను లోపలికి వెళ్లేసరికి తెర ముందు నిలబడి అంకెలు చూస్తోంది. "సార్, అన్నీ నిన్నటి షిఫ్టు వాళ్ల సెట్టింగులే ఉంచినాను. ఒక్కటి కూడా మార్చలేదు," అంది. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో పెన్ను మూత మాత్రం పెట్టడం, తీయడం, పెట్టడం.

ఇక మగ్గం అన్న. ధర్మవరంలో పాతికేళ్లు పట్టుచీరలు నేసినవాడు. మరమగ్గాల దెబ్బకు గుంటమగ్గం మూసేసి, యాభై దాటాక మా దగ్గర చేరాడు. అందుకే ఆ పేరు. మనిషి సన్నం, నోరు పెద్దది. తనకు తెలియని విషయం ఉందని ఒప్పుకున్న రోజు నేను చూడలేదు. ఫ్యాక్టరీ మొదలైనప్పుడు బెంగుళూరు నుంచి వచ్చిన శిక్షకుడు, మెగ్నీషియానికి మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుకే పోయాలి అని పదిసార్లు చెప్పాడు. వెనక వరస నుంచి మగ్గం అన్న, "పోద్దామన్నా మా తట్టు నీళ్లు యాడుండాయి సార్. నువ్వు ధైర్యంగుండు," అన్నాడు. శిక్షకుడు కూడా నవ్వాడు. తర్వాత పాఠం ఒప్పజెప్పమంటే అందరికంటే గట్టిగా ఒప్పజెప్పింది ఆయనే.

చిప్స్ గదిని ఆయన మగ్గం ఇల్లులాగా చూసుకునేవాడు. చెప్పులతో రానిచ్చేవాడు కాదు. తలుపు తెరిచి ఉంచితే తిట్టేవాడు. ఓనరంతటివాడు ఒకసారి బూట్లతో గడప దాటబోతే, "సామీ, కాళ్లు ఆడనే" అని ఆపేశాడు. దాంతో మేమెవరమూ అవసరం లేనిదే ఆ గదిలోకి పోయేవాళ్లం కాదు. చిప్స్ కావాలంటే తలుపు తట్టేవాళ్లం, ఆయన డబ్బాతో తెచ్చి ఇచ్చేవాడు.

ఇంజనీరమ్మాయి అంటే ఆయనకు ప్రాణం. పాపా అని తప్ప పిలిచేవాడు కాదు. ఆమె టిఫిన్ తినకుండా వస్తే కనిపెట్టి, తన డబ్బాలోంచి జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టి పోయేవాడు. "మిషన్‌కు మేత ఏస్తాండావు, నీకెవురేస్తారు పాపా," అనేవాడు. ఆమె తెర మీంచి కళ్లు తిప్పకుండానే తినేది.

ట్రయల్ మొదలైంది. ఇన్‌స్పెక్టరు కన్నడం మనిషి, నెమ్మదస్తుడు. కుర్చీ వేసినా కూర్చోకుండా ప్రతి చట్రాన్నీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసేవాడు. అచ్చులోంచి వచ్చినవి వచ్చినట్టు బాగానే ఉన్నాయి. రంగు వేశాం, ఓవెన్లో పెట్టాం. మధ్యాహ్నం భోజనాల ముందు ఓవెన్ తలుపు తీశాం.

పొక్కులు. ఈసారి ఇంకా ఎక్కువ.

ఇన్‌స్పెక్టరు చట్రాలను బల్ల మీద వరసగా పేర్చాడు. ఓనరు ఆయన్ను భోజనానికి తీసుకుపోతూ నా వైపు ఒక చూపు చూశాడు, అంతే. అమ్మాయి బల్ల దగ్గరే నిలబడిపోయింది. "తినిరామ్మా," అన్నాను. "మీరు పోండి సార్," అంది.

నేను రోజూ మగ్గం అన్నతో కలిసి తినేవాణ్ణి. ఆయన బయటికి రాలేదు. తలుపు తట్టి, జవాబు రాకపోతే, చెప్పులు విడిచి లోపలికి పోయాను.

ఆయన నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. మూత తీసిన చిప్స్ డ్రమ్ము మీద తడి గోనెపట్ట పరిచి, నాలుగు మూలలూ సర్ది, దాని మీద చెంబుతో ఇంకొన్ని నీళ్లు చిలకరిస్తున్నాడు. పట్ట మధ్యలో దిగబడి, చుక్కలు చుక్కలుగా లోపలికి కారుతోంది.



"ఏం జేస్తాండావప్పా?"

"కనపడ్లేదా అన్నా," అన్నాడు వెనక్కి తిరిగి, చాలా సంతోషంగా. "గాలి జూడు ఎట్ల కొడ్తాండాదో. రేకుల సందుల్లోంచి ఎర్రమన్నంతా ఈడికే. దుమ్ము పడకుండా జూడన్నా అని పాప జెప్పింది. ఎండాకాలమొస్తే మా మగ్గం ఇంట్లో ఇంతే, కిటికీలకు, పడుగు మీదా తడి గోనెపట్టలే. దుమ్ము పడదు, పట్టు తెగదు."

"రోజూ ఇట్లనే చేస్తాండావా?"

"రోజూ యాడన్నా, నీళ్లేమన్నా ఊరికే వస్తాండాయా? ట్యాంకరు నీళ్లు, గదికొక క్యాను. తాగేదానికే సాలవు. పాప తానే మిషన్ కాడ నిలబడే రోజు మటుకు చేస్తాండా. ఆ రోజు ఒక్క రేణువు పడగూడదు గదా. నా క్యానులో నీళ్లే, ఎవుర్నీ అడగను. ఈ పొద్దు మరీ గాలి ఎక్కువని పొద్దున్నుంచి రెండు తూర్లు తడిపినా."

నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. తడి ఆరిపోయిన ఆయన పెదవులు నాకు కనిపిస్తున్నాయి. పొద్దున్నుంచి ఆ మనిషి గుక్కెడు నీళ్లు తాగలేదు.

"ముందు ఆ పట్ట తియ్యి. చెంబు బయట పెట్టు. తర్వాత కూర్చో, చెప్తా."

చెప్పాను. తడి చిప్స్ ఆ వేడిలోకి పోతే నీళ్లు విరిగి హైడ్రోజన్ ఎట్లా పుడుతుందో, ఆ గ్యాస్ లోహంలో ఎట్లా చిక్కుకుంటుందో చెప్పాను. ఇంకో రెండు చెంబులు ఎక్కువ పడి ఉంటే హాపర్ దగ్గర నిలబడిన మనిషి మొహం మీదికి ఏమి ఎగజిమ్మేదో కూడా చెప్పాను. హాపర్ దగ్గర నిలబడేది ఎవరో ఆయనకు నేను చెప్పనక్కర లేదు.

"నీళ్లు పోయగూడదని చెప్పింది మంటొస్తే గదన్నా," అన్నాడు. "మంట లేదు గదా."

"మంట లేకపోయినా పోయకూడదప్పా."

"ఆ మాట వాడు జెప్పలేదే."

నిజమే. వాడు చెప్పలేదు. మంట గురించి చెబితే మిగతాది మనకే అర్థమవుతుందని అనుకుని ఉంటాడు. పట్టు మగ్గం మీంచి మెగ్నీషియం డ్రమ్ము దగ్గరికి తిన్నగా నడిచివచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడని ఆ శిక్షకుడికి ఎట్లా తెలుస్తుంది?

ఆయన తలెత్తాడు. "అంటే పాప పని పోయేది నా వల్లనా?"

"ఇంకా పోలేదు."

మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ నిమిషంలో నాకు ఒక సులువు దారి తోచింది. ఆ డ్రమ్మును మూలకు నెట్టి, సీలు తీయని కొత్త డ్రమ్ము తెరిస్తే మధ్యాహ్నం చట్రాలు నున్నగా వస్తాయి. పిల్ల బతుకుతుంది, ఈయనా బతుకుతాడు. కానీ ఎందుకు చెడిందో, ఎందుకు బాగైందో చెప్పలేని సరుకును ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే పోయేది ఆమే. మగ్గం అన్న కూడా అదే లెక్క వేసుకున్నట్టున్నాడు.

"నేను పోయి ఓనరుకు చెప్తానప్పా," అన్నాను. "నువ్వు ఈడనే ఉండు."

"వద్దన్నా. ఊరికే వాగుతాదని నా నోటిని మీరంతా తిడ్తాంటారు గదా. ఈ పొద్దు దానికి పని పడింది."

భోజనం ముగించుకుని ఓనరు, ఇన్‌స్పెక్టరు బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన తడి గోనెపట్టను చేత్తో పట్టుకుని వాళ్ల ముందు నిలబడ్డాడు. మగ్గం ఇంటి నుంచి మొదలుపెట్టి ట్యాంకరు నీళ్ల దాకా అంతా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క తగ్గించి చెప్పలేదు.

ఓనరు మొహం ఎర్రబడింది. "నీకు బుద్ధుండాదా?"

"ఉండాదనే అనుకుంటాంటి సామీ, ఇంతవరకూ."

నేను అమ్మాయిని చూస్తున్నాను. పెద్దాయన తప్పు ఒప్పుకుంటే చిన్నవాళ్లు కరిగిపోయి ఓదారుస్తారని మనం అనుకుంటాం. ఆమె అట్లా చేయలేదు. "మూడు ట్రయల్సన్నా," అంది. "మూడు. రాత్రిళ్లు నిద్ర లేకుండా నేను ఏం తప్పు చేసినానా అని..." మాట ఆపేసి గోడ వైపు తిరిగింది. ఆయన తలవంచుకుని పట్టను పిండుతూ నిలబడ్డాడు. నేల మీద నీళ్లు కారుతుంటే తానే చూసుకుని, చటుక్కున పట్టను బయటికి విసిరేసి వచ్చాడు.

కాసేపటికి ఆమె ఇటు తిరిగి, "ఏ డ్రమ్ము? దాంట్లోంచి ఇంకా ఎక్కడన్నా పోసినావా?" అని అడిగింది. అది ఇంజనీరు గొంతు. ఆ డ్రమ్మును షెడ్డుకు దూరంగా, నీడన, ఎవరూ పోని చోట పెట్టించింది. హాపర్ ఖాళీ చేయించింది. సీలు ఉన్న డ్రమ్ము తానే తెరిచి, చేతి తొడుగులతో చిప్స్ పైకి తీసి చూసి, మిషన్ నడిపింది. సెట్టింగులు పొద్దున్నవే.

సాయంత్రం ఓవెన్ తలుపు తీసేటప్పుడు మాలో ఎవరమూ దగ్గరికి పోలేదు. ఇన్‌స్పెక్టరే తీశాడు. ఒక్కొక్కటే ఎత్తి, వెలుతురులో తిప్పి, వేలితో రాసి, పొద్దున చట్రాల పక్కన పెట్టాడు. ఒకదాని మీదా పొక్కు లేదు. రెండు మూడింటి మీద సన్నటి దుమ్ము మరకలున్నాయి. వాటిని చూసి మగ్గం అన్న "చూసినారా" అనబోయి నోరు మూసుకోవడం నేను చూశాను.

"కారణ సిక్తల్ల, అష్టే బేకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కారణం దొరికింది కదా, అంతే కావాలి అని. చట్రాన్ని ఒప్పుకున్నట్టే. దుమ్ముకు ఏమి చేస్తారో రాసి పంపండి అని చెప్పి కారెక్కాడు.

కారు గేటు దాటగానే ఓనరు మగ్గం అన్న లెక్క తేల్చమన్నాడు. అమ్మాయి అడ్డం వచ్చింది.

"దుమ్ము పడకుండా చూడమని చెప్పింది నేను సార్. ఎట్లా చూడాలో చెప్పలేదు."

"అంటే?"

"నా మాట మీద చేసినాడు. పంపిస్తే ఇద్దర్నీ పంపించండి."

పొద్దున్నుంచి పోతుందేమోనని భయపడిన ఉద్యోగాన్ని, చేతికి దక్కిన పావుగంటలోనే మళ్లీ బల్ల మీద పెట్టింది. ఓనరు ఆమెను, ఆయన్ను మార్చి మార్చి చూశాడు.

"సరే. ఆ మనిషి నీ బాధ్యత. ఇంగొకసారి పొక్కు లేస్తే ఇద్దరికీ ఒకటే దారి. రాత్రంతా ఆలోచన జేసుకుని రేపు పొద్దున చెప్పు, ఉంచుకుంటావా లేదా."

మగ్గం అన్న ఆమెతో ఒక్క మాట కూడా ఆడకుండా బస్సు ఎక్కాడు. పక్కన కూర్చున్న నాతో మాత్రం, "ఆ పిల్లకు తెలివి లేదన్నా. నన్నెందుకు తగిలించుకుంటాది," అన్నాడు. హిందూపురం వచ్చేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

మరుసటి రోజు పొద్దున, మంగళవారం, గాలి పడిపోయింది. అమ్మాయి నేరుగా ఓనరు గదిలోకి పోయి, ఉంచుకుంటానని చెప్పి, బయటికి వచ్చింది. మగ్గం అన్న చిప్స్ గది ముందు, తాళం తీయకుండా నిలబడి ఉన్నాడు.

"తలుపు తీయల్లనా పాపా?"

"తీయన్నా."

"డ్రమ్ము యాది?"

"ఎడమ పక్కది."

"మూత యాడ పెట్టల్ల?"

ఆమె విసుక్కుంది. "మూత ఎక్కడ పెట్టాలో కూడా నేను చెప్పాల్నా?"

"చెప్పల్ల పాపా. నాకు తెలిసిందంతా మగ్గం కాడిది. అది ఈడ పనికొస్తాదో రాదో నాకు తెలీదు."

ఆయన నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను. ఆమె కూడా విన్నది. చేతిలో ఫైలు కిటికీ గూట్లో పెట్టి, "అయితే ఆడ, చెక్క మీద పెట్టు. బోర్లించి," అంది. తర్వాత చేతి తొడుగు చూపించి అది ఎందుకో చెప్పింది. చిప్స్ ఎందుకు మెరుస్తుందో, మెరుపు తగ్గితే ఏమని అర్థమో చెప్పింది. ఆయన ప్రతిదానికీ ఎందుకని అడిగాడు. ఆమె ప్రతిదానికీ చెప్పింది. మిషన్ వేడెక్కి, పని మొదలుపెట్టే సమయం దాటిపోయి చాలాసేపైంది.

పై గది కిటికీలోంచి ఓనరు కేక వేశాడు. "ఏమ్మా, ఇంగా మొదలుపెట్టలేదా?"

"చెప్తాండా సార్," అంది ఆమె, తల తిప్పకుండా. "అయినాక మొదలుపెడతాం."